పాస్‌వర్డ్ అడిగితే తాళం పడినట్టేనా?

చాలా ఇళ్లలో కంప్యూటర్ తెరిస్తే డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. పేరు ‘పర్సనల్’ అనో, ‘ఇంపార్టెంట్’ అనో ఉంటుంది. లోపల పట్టాదారు పాస్‌బుక్ స్కాన్, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటిల్లిపాది ఆధార్ పీడీఎఫ్‌లు, నాలుగైదేళ్ల ఫారం 16లు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు వివరాలన్నీ రాసిపెట్టుకున్న ఒక ఎక్సెల్ షీటు. ఆన్ చేయగానే కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, ఇంక భయమేముందని ఇంట్లోవాళ్ల ధీమా.

ఆ ధీమా ఏపాటిదో కంప్యూటర్ మొరాయించిన రోజు తెలుస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇచ్చినా, ఊళ్లో బస్టాండు పక్కన దుకాణంలో ఇచ్చినా, విండోస్ ఎక్కని మిషన్‌కు ముందుగా జరిగేది డేటా బ్యాకప్. హార్డ్‌డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు తగిలిస్తారు. లేదంటే పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకుని దాంతో మిషన్ బూట్ చేస్తారు. రెండింటిలోనూ లాగిన్ పాస్‌వర్డ్ ఊసే రాదు. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే డేటాను గుప్త రూపంలోకి మార్చి ఉంచకపోతే ఫైళ్లన్నీ వరసగా తెర మీదికి వచ్చేస్తాయి. బ్యాకప్ తీసిపెట్టమని అడిగింది కస్టమరే కాబట్టి ఇందులో తప్పుపట్టడానికీ ఏమీ లేదు. ఆ తరవాత ఆ కాపీ ఏమవుతుందన్నదే ప్రశ్న. 2008 జనవరిలో హాంగ్‌కాంగ్ నటుడు ఎడిసన్ చెన్ వ్యక్తిగత ఫొటోలు ఇంటర్నెట్‌కెక్కి ఆ నగరాన్ని కుదిపేశాయి. అవి బయటికి పొక్కింది రిపేరుకిచ్చిన లాప్‌టాప్ నుంచే. కాపీ చేసిన టెక్నీషియన్‌కు 2009లో జైలు శిక్ష పడింది. చెన్ అప్పటికే హాంగ్‌కాంగ్ సినిమా రంగం నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించాడు.

లాగిన్ పాస్‌వర్డ్ అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. గేటులోంచి వచ్చేవాళ్లనే పేరూ ఊరూ అడుగుతాడు, గోడ దూకినవాళ్ల సంగతి అతనికి తెలియదు. డిస్క్ మీద ఫైలు మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టడం వల్ల అందులో ఒక్క బిట్ కూడా మారలేదు.

దాచిపెట్టే చిట్కాలు

ఫోల్డర్‌కు తాళం వేయడమంటూ ఏళ్లుగా చేతులు మారుతున్న ఒక చిట్కా ఉంది. నోట్‌ప్యాడ్‌లో పాతిక ముప్పై లైన్లు టైపు చేసి బ్యాచ్ ఫైలుగా సేవ్ చేస్తారు. దాన్ని డబుల్ క్లిక్ చేయగానే ‘లాకర్’ అనే ఫోల్డర్ మాయమవుతుంది. మళ్లీ క్లిక్ చేస్తే నల్లటి తెర వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. చూడ్డానికి భలేగా ఉంటుంది. లోపల జరిగేది మాత్రం ఇంతే: ఫోల్డర్ పేరు మార్చి చివర విండోస్ కంట్రోల్ ప్యానెల్ గుర్తింపు సంఖ్యను తగిలిస్తుంది. పైగా అది దాచిన ఫైలనీ, సిస్టమ్ ఫైలనీ రెండు గుర్తులు వేస్తుంది. ఇక అసలు పాస్‌వర్డ్ ఎక్కడుందంటారా? ఆ బ్యాచ్ ఫైలులోనే, మామూలు అక్షరాల్లోనే. రైట్ క్లిక్ చేసి ఎడిట్ నొక్కితే చదువుకోవచ్చు. అంత శ్రమ కూడా లేకుండా లినక్స్‌తో బూట్ చేస్తే ఆ ఫోల్డర్ దాగనే దాగదు. దాచమన్న విండోస్ గుర్తును లినక్స్ ఖాతరు చేయదు మరి.

ఎక్సెల్‌లో ‘ప్రొటెక్ట్ షీట్’ పాస్‌వర్డూ ఈ తానులో ముక్కే. పొరపాటున ఎవరూ గడులు మార్చకుండా చూడటం వరకే దాని పని. డేటా గుప్తం కాదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టే సౌకర్యం వేరే ఉంది. ఆఫీస్ 2007 నుంచి అది నిజంగానే ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో, రెండు మెనూల్లో, రెండు పాస్‌వర్డులు. మొదటిది పేరుకే పాస్‌వర్డ్, రెండోది ఫైలులోని ప్రతి బైటునూ మార్చేస్తుంది.

తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ‘పాస్‌వర్డ్ మర్చిపోతే మీరు తెరిచి ఇవ్వగలరా?’ ఫోల్డర్ లాక్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ‘ఓ, దానికేం’ అన్నారంటే రెండే కారణాలుంటాయి. డేటా అసలు మారలేదు, లేదా తాళంచెవి కాపీ వాళ్ల దగ్గరా ఉంది.

తెలుగు 18, బ్లాకు 16

ఎన్‌క్రిప్షన్ అంటే ఫైలులోని అంకెలనే మార్చేయడం. ఇవాళ ఇళ్లలో వాడే పరికరాల్లో దాదాపు అన్నీ ఆ పనిని ఏఈఎస్‌కే అప్పజెబుతున్నాయి. దానికి ముందు రాజ్యమేలింది డీఈఎస్. 1977లో అమెరికా ప్రభుత్వం దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. దాని తాళంచెవి పొడవు 56 బిట్లు, అంటే సాధ్యమయ్యే చెవులు సుమారు 72 పక్కన 15 సున్నాలు. ఆ రోజుల్లో అది కొండంత సంఖ్య. 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక యంత్రం కట్టి, చెవులను వరసబెట్టి ప్రయత్నిస్తూ 56 గంటల్లో డీఈఎస్ సందేశాన్ని విప్పేసింది.

డీఈఎస్‌కు కాలం చెల్లుతోందని ముందే గ్రహించిన అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1997లోనే బహిరంగ పోటీ పెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన 15 పద్ధతులను గణితవేత్తలు బాహాటంగా చీల్చి చెండాడారు. 2000 అక్టోబరులో బెల్జియంకు చెందిన యోవాన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ల పద్ధతి గెలిచింది. 2001 నవంబరులో అది ఏఈఎస్ పేరుతో ప్రమాణమైంది. దాని ప్రతి మెట్టూ అచ్చులో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, రహస్యం తాళంచెవిలోనే ఉండాలని ఆగుస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. ‘మా రహస్య ఫార్ములా ఎవరికీ తెలియదు’ అని గొప్పలు పోయే సాఫ్ట్‌వేర్లను నిపుణులు అనుమానంగా చూసేది అందుకే.

ఏఈఎస్ ఫైలును 16 బైట్ల బ్లాకులుగా కోస్తుంది. మన లిపిలో ఒక్కో సంకేతానికి యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం 18 బైట్లు. అంటే ఆ ఒక్క మాట కూడా ఒక బ్లాకులో పట్టదు, చివరి కొమ్ములో రెండు బైట్లు పక్క బ్లాకులోకి జారతాయి. బ్లాకులోని 16 బైట్లను నాలుగు వరసలు, నాలుగు నిలువుల గడిగా పేరుస్తారు. ప్రతి బైటు స్థానంలో పట్టిక చూసి మరో బైటు పెడతారు. వరసలను పక్కకు జరుపుతారు. నిలువులను గణిత సూత్రంతో కలగాపులగం చేస్తారు. చివరికి తాళంచెవి నుంచి తీసిన అంకెలను కలుపుతారు. చెవి 128 బిట్లదైతే ఇలా 10 చుట్లు, 256 బిట్లదైతే 14 చుట్లు. మొదట్లో ఒక్క బిట్ మారినా చివరికి బ్లాకులో సుమారు సగం బిట్లు తారుమారవుతాయి.

128 బిట్ల చెవులు ఎన్ని? 34 పక్కన 37 సున్నాలు. సెకనుకు లక్ష కోట్ల చెవులు ప్రయత్నించే యంత్రం ఉందనుకున్నా, అన్నీ పూర్తయ్యేసరికి విశ్వం వయసుకు 78 కోట్ల రెట్లు కాలం పడుతుంది. ఇంత లెక్క చేస్తే కంప్యూటర్ నెమ్మదించదా అన్న సందేహం పాతది. 2010 నుంచి ఇంటెల్ చిప్పుల్లో ఏఈఎస్ కోసమే ప్రత్యేక ఆదేశాలు చేర్చడం మొదలైంది. ఇప్పటి లాప్‌టాప్‌లో ఎన్‌క్రిప్షన్ నడుస్తోందన్న సంగతే వాడేవాళ్లకు తెలియదు.

బ్లాకులను విడివిడిగా మారిస్తే మాత్రం ఒక చిక్కుంది. ఒకేలాంటి రెండు బ్లాకులు ఎన్‌క్రిప్ట్ అయ్యాక కూడా ఒకేలా ఉంటాయి. లినక్స్ పెంగ్విన్ బొమ్మను ఇలా ఎన్‌క్రిప్ట్ చేసి చూపించే ఉదాహరణ పాఠాల్లో ప్రసిద్ధం. రంగులు చెదిరిపోతాయి కానీ పెంగ్విన్ ఆకారం చక్కగా ఆనవాలు పట్టేలా ఉంటుంది. అందుకని డిస్కుల కోసం ఎక్స్‌టీఎస్ అనే విధానం వచ్చింది. డిస్క్ మీద ఆ బ్లాకు ఏ సెక్టార్‌లో, ఎన్నో స్థానంలో ఉందో ఆ సంఖ్యనూ లెక్కలో కలుపుతుంది. దాంతో ఒకే వాక్యం రెండు చోట్ల ఉన్నా రెండు వేర్వేరు రూపాలు తీసుకుంటుంది.

పాస్‌వర్డ్ ఎక్కడా రాసి ఉండదు

మనిషి టైపు చేసేది ‘రాము1985’ లాంటి మాట. ఏఈఎస్‌కు కావలసింది 128 లేదా 256 బిట్ల సంఖ్య. ఈ రెంటి మధ్య దూరంలోనే దొంగలకు సందు దొరుకుతుంది.

వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ దూరాన్ని ఎలా దాటుతారో దగ్గరగా చూడొచ్చు. అది ఒక పెద్ద ఫైలు తయారు చేస్తుంది. సరైన పాస్‌వర్డ్ ఇస్తే ఆ ఫైలు ఎక్స్ అనో, వై అనో కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఫైలులో మొదటి 64 బైట్లు యాదృచ్ఛికంగా పుట్టించిన అంకెలు. వాటికి ‘సాల్ట్’ అని పేరు. పాస్‌వర్డ్‌నూ సాల్ట్‌నూ కలిపి ఒక గణిత మిక్సర్‌లో మామూలుగా 5 లక్షల సార్లు తిప్పుతుంది. వచ్చిన సంఖ్యతో ఆ తరవాతి భాగాన్ని విప్పి చూస్తుంది. మొదటి నాలుగు బైట్లలో ‘వెరా’ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయా, ఇచ్చిన పాస్‌వర్డ్ సరైనదే. చెత్త కనిపించిందా, తప్పు. పోల్చి చూడటానికి పాస్‌వర్డ్ ఎక్కడా రాసి ఉండదు. బ్యాచ్ ఫైలు తాళానికీ దీనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

అలా విప్పిన భాగంలో డేటాను నిజంగా మార్చిన మాస్టర్ కీ ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడు వంద జీబీల డేటాను మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేదు, ఈ చిన్న శీర్షభాగాన్ని తిరగరాస్తే సరిపోతుంది. అదే శీర్షభాగం పాడైతే మాత్రం సరైన పాస్‌వర్డ్ ఉన్నా ఏమీ చేయలేం. అందుకే వెరాక్రిప్ట్ దాని ప్రతిని ఫైలు చివర మరోటి దాస్తుంది.

అన్నిసార్లు తిప్పడం కావాలని చేసే ఆలస్యమే. యజమానికి పోయేది క్షణకాలం. కోట్ల పాస్‌వర్డులు ప్రయత్నించాలనుకునేవాడికి ప్రతి ప్రయత్నానికీ ఆ భారం తప్పదు. సాల్ట్, ఆలస్యం అనే ఈ రెండు ఉపాయాలనూ రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో యూనిక్స్ పాస్‌వర్డుల గురించి రాసిన పత్రంలో వివరించారు.

పాస్‌వర్డే ఊహకందేదైతే ఎంత గణితమైనా దండగ. అందరికీ తెలిసిన ఉదాహరణ ఇ-ఆధార్ పీడీఎఫ్. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. చూడటానికి 8 అక్షరాలు. కానీ పేరు తెలిసినవాడికి మిగిలేది సంవత్సరమే, వందేళ్లు తీసుకున్నా వంద ప్రయత్నాలు. పేరు కూడా తెలియదనుకుందాం. నాలుగక్షరాల కూర్పులు 4,56,976, వాటిని వందతో గుణిస్తే నాలుగున్నర కోట్ల పైచిలుకు. కంప్యూటర్‌కు అదో లెక్క కాదు. ఆదాయపు పన్ను పత్రాలకు పాన్ నంబరు, పుట్టిన తేదీ కలిపి వాడతారు. పాన్ కార్డు స్కాన్ అదే ఫోల్డర్‌లో ఉంటే ఆ పాస్‌వర్డ్ పక్కనే పెట్టినట్టు. ఇలాంటి పీడీఎఫ్‌లు దారిలో మెయిల్‌ను తొంగిచూసే అపరిచితుణ్ణి కొంత ఆపుతాయేమో కానీ, ఫోల్డర్ మొత్తం చేజిక్కినవాణ్ణి ఆపలేవు.

గట్టి పాస్‌వర్డ్‌కు 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చెప్పిన పాచికల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. 7,776 మాటల జాబితా ఉంటుంది. పాచిక ఐదుసార్లు వేస్తే ఒక మాట తేలుతుంది. ఆరు మాటలు తీసుకుంటే కూర్పుల సంఖ్య 22 పక్కన 22 సున్నాలు. మాటలు ఇంగ్లీషువే కానక్కర్లేదు. గుమ్మడి, తూనిక, పిడుగు, చాప లాంటి తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా అదే బలం. కాకపోతే ఎంపిక పాచికలదే అయి ఉండాలి. మనిషి ఎంచుకుంటే పిల్లల పేర్లూ, ఇలవేల్పుల పేర్లూ, సినిమా డైలాగులూ వచ్చేస్తాయి.

రియోలో సత్యాగ్రహం

మంచి పాస్‌వర్డ్ ఉంటే ఈ గణితం ఎంతవరకు నిలుస్తుందో బ్రెజిల్ చూపించింది. 2008 జులైలో అక్కడి ఫెడరల్ పోలీసులు గాంధీజీ మాటనే పేరుగా పెట్టుకుని ‘ఆపరేషన్ సత్యాగ్రహ’ నడిపారు. ఆర్థిక నేరాల ఆరోపణల మీద బ్యాంకర్ డేనియల్ డాంటస్ రియో డి జనీరో ఇంట్లో ఐదు హార్డ్‌డిస్కులు పట్టుకున్నారు. అవి ట్రూక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. బ్రెజిల్ నిపుణులు ఐదు నెలలు తంటాలు పడి అమెరికా ఎఫ్‌బీఐకి పంపారు. వాళ్లూ ఏడాది పాటు నిఘంటువుల్లోని మాటలన్నీ ప్రయత్నించి 2010లో డిస్కులు తిప్పి పంపేశారు. దర్యాప్తు పద్ధతి చెల్లదంటూ 2011లో అక్కడి ఉన్నత న్యాయస్థానం ఆ కేసునే పక్కన పెట్టింది.

ట్రూక్రిప్ట్ తయారీదారులు 2014 మే 28న ఉన్నట్టుండి దుకాణం కట్టేశారు. స్వతంత్ర నిపుణులు దాని కోడ్ పరిశీలించి 2015లో నివేదిక ఇచ్చారు. దొంగదారులేవీ కనబడలేదని తేల్చారు. ఆ కోడ్ నుంచి పుట్టిందే వెరాక్రిప్ట్.

విండోస్‌లో సొంత సౌకర్యాలూ ఉన్నాయి. విండోస్ 2000తో వచ్చిన ఈఎఫ్ఎస్‌తో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఒక్క టిక్కుతో ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ టిక్కు పనిచేయదు. పనిచేసే చోట కూడా, పాత విండోస్‌లలో ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఫైలు మామూలుగా మారిపోయేది. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ విండోస్ విస్టా కాలంలో వచ్చింది. ప్రో ఎడిషన్‌లో దాన్ని పూర్తిగా వాడుకోవచ్చు. మ్యాక్‌లో ఆ పని చేసేది ఫైల్‌వాల్ట్. అందులోనే డిస్క్ యుటిలిటీతో ఒక్క ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్టెడ్ ఇమేజ్‌గానూ మార్చుకోవచ్చు.

ఒకటి రెండు ఫైళ్లను మెయిల్లో పంపాలంటే 7-జిప్ తేలిక. ఇందులో 7జడ్ రకం ఎంచుకుంటే ఏఈఎస్-256 వస్తుంది, పాస్‌వర్డ్‌ను 5,24,288 సార్లు తిప్పుతుంది. ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ గడిలో టిక్కు పెడితే పేర్లూ కనబడవు. జిప్ రకంలో ఆ వెసులుబాటు లేదు, పాస్‌వర్డ్ లేకపోయినా లోపలి ఫైళ్ల పేర్లు ఎవరైనా చదవొచ్చు. పైగా జిప్‌లో ‘జిప్‌క్రిప్టో’ అనే పాత పద్ధతి ఇంకా మిగిలి ఉంది. దాన్ని విప్పే దారిని ఎలి బిహాం, పాల్ కోచర్ 1994లోనే ప్రచురించారు.

చెరిపిన కాపీలు, తెరిచిన తెరలు

ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, అసలు ఫోల్డర్‌ను డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారనుకుందాం. హార్డ్‌డిస్క్‌లో చెరిగింది ఆ ఫైలు చిరునామాయే. పైన కొత్త డేటా పడేదాకా పాతది అక్కడే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఏరుకుంటుంది. ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2003లో ప్రచురించిన పరిశోధన కోసం సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో 158 హార్డ్‌డిస్కులు కొన్నారు. పనిచేసిన 129లో సవ్యంగా తుడిచినవి 12. మిగతావాటిలో వేలకొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఎస్ఎస్‌డీలో ఒక ఫైలు మీద మళ్లీ రాయమన్నా లోపలి కంట్రోలర్ దాన్ని మరో చోట రాస్తుంది కాబట్టి, పాత ప్రతి నిజంగా పోయిందో లేదో వాడేవాళ్లకు తెలియదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లోని ఫొటోల చిన్న బొమ్మలను విండోస్ సి డ్రైవ్‌లో దాచుకునే అవకాశమూ ఉంది. ఈ తలనొప్పులన్నీ లేకుండా ఉండాలంటే కంప్యూటర్ కొన్న రోజే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తరవాతే అందులో ఫైళ్లు పెట్టుకోవాలి.

అలా చేసినా కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. ప్రిన్‌స్టన్ పరిశోధకులు 2008లో చేసిన ప్రయోగంలో ఇది కళ్లకు కట్టింది. కీబోర్డు దుమ్ము దులిపే గాలి డబ్బాను తలకిందులుగా పట్టి ర్యామ్ మీద కొట్టి మైనస్ 50 డిగ్రీలకు చల్లార్చారు. కరెంటు తీసి పది నిమిషాలైనా అందులో ఒక్క శాతం బిట్లు కూడా చెరగలేదు. చిప్పును మరో మిషన్‌లో పెట్టి చెవిని చదివేశారు.

2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కో గ్రంథాలయంలో ఎఫ్‌బీఐకి గాలి డబ్బా కూడా అవసరం రాలేదు. ‘సిల్క్ రోడ్’ అనే చీకటి బజారు నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ అక్కడ లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. అది మూతపడితే అంతా గుప్తమవుతుందని ఏజెంట్లకు తెలుసు. అతని వెనక ఇద్దరు జంటలా నటిస్తూ గొడవపడ్డారు. అతను తల తిప్పగానే మరో ఏజెంటు తెరిచి ఉన్న లాప్‌టాప్‌ను లాగేసుకున్నాడు.

వైరస్ పనీ అంతే. యజమాని తెరిచిన ఫోల్డర్‌ను అతని పేరు మీద నడిచే దుష్ట ప్రోగ్రామ్ కూడా చదువుతుంది. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకిన వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రామ్ ఫైళ్లను బిగించింది ఇదే ఏఈఎస్‌తో. ఇంట్లో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకున్న ఫైలును అది మళ్లీ తన చెవితో ఎన్‌క్రిప్ట్ చేయగలదు. దానికి విరుగుడు విడిగా తీసిపెట్టుకున్న బ్యాకప్ ఒక్కటే.

48 అంకెలు ఎవరి దగ్గర?

స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్ కథ 2021లో పత్రికలకెక్కింది. అతని 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవి ఐరన్‌కీ అనే పెన్‌డ్రైవ్‌లో ఉంది. పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. పదిసార్లు తప్పు కొడితే డ్రైవ్ తనను తానే మూసేసుకుంటుంది. అప్పటికే ఎనిమిది అయిపోయాయి.

ఇలాంటి ఆపద కోసమే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. అందువల్ల ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు ఒక అంకె తప్పితే ఆ గుంపు దగ్గరే పట్టుబడుతుంది. గుంపును 11తో భాగిస్తే 16 బిట్ల సంఖ్య వస్తుంది. ఎనిమిది గుంపులు కలిపితే 128 బిట్లు. ఈ కీని ఎన్‌క్రిప్ట్ అయ్యే డ్రైవ్‌లోనే సేవ్ చేయబోతే విండోస్ ఒప్పుకోదు. ప్రింటు తీసి ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టుకోవచ్చు.

అయితే చాలా ఇళ్లలో ఈ కీ ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే, తగిన హార్డ్‌వేర్ ఉన్న మిషన్లలో హోమ్ ఎడిషన్ అయినా డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. రికవరీ కీ ఆ ఖాతాలోకి వెళ్తుంది. లాప్‌టాప్ కొన్న రోజు దుకాణంలో కుర్రాడో, మేనల్లుడో గబగబా ఒక మెయిల్ ఐడీతో సైన్ ఇన్ చేసి చేతికిచ్చి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్ అని ఉంటే, ముందు కనుక్కోవలసింది ఆ మెయిల్ ఐడీ ఎవరిది, దాని పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంది అన్నదే.